మధ్య వరుసలో ఆపిల్ మొక్క



జనవరి నెలాఖరు వచ్చిందంటే ఇంగ్లండులో చలి తగ్గదు గానీ, ఆల్డీ, లిడిల్ దుకాణాల్లోకి పళ్లమొక్కలు దిగుతాయి. పాలకీ గుడ్లకీ వెళ్లిన మనిషి మధ్య వరుసలో ఆగిపోతాడు. ఆ వరుస సంగతి ఇక్కడున్న తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క ఎయిర్ ఫ్రయ్యర్, ఇంకో పక్క వెల్డింగు చేసేవాళ్లు పెట్టుకునే ముసుగు, వాటి మధ్య అట్టపెట్టెలో నిలబెట్టిన పొడుగాటి పుల్లలు. పుల్ల అడుగున ప్లాస్టిక్ సంచి, నడుమున నిగనిగలాడే ఎర్ర ఆపిల్ బొమ్మతో ఒక చీటీ. ధర చూస్తే ఐదు పౌండ్లు, ఆరు పౌండ్లు, మహా అయితే పది లోపు. అదే పేరుతో మొక్క మంచి నర్సరీలో పాతిక, ముప్పై పౌండ్లు పలుకుతుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మనం విన్నదే. ఇక్కడ కాయ బొమ్మ చూపించి చెట్టు అమ్ముతారు.

కొనొచ్చా అని ఏటా ఈ రోజుల్లో ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. కొనొచ్చు. నేనూ కొన్నాను, కాయలూ తిన్నాను. కాకపోతే ఆ ఆరు పౌండ్లకు ఏం వస్తుందో, ఏం రాదో తెలిసి కొనాలి.

ముందు అంత చవక ఎలా అయిందో చూద్దాం. ఈ రెండు కంపెనీలూ జర్మనీవి. ఆల్డీ 1990లో బర్మింగ్‌హామ్‌లోని స్టెచ్‌ఫర్డ్‌లో మొదటి కొట్టు తెరిచింది, నాలుగేళ్లకు లిడిల్ వచ్చింది. కొద్ది రకాల సరుకే పెట్టడం, పెట్టింది కొండంత కొనడం, అట్టపెట్టె విప్పకుండా అలాగే అమ్మడం వాటి పద్ధతి. మొక్కలకీ అదే వర్తిస్తుంది. నర్సరీవాడు యాభై రకాల ఆపిల్ పెంచుతాడు, మీ మట్టి ఎలాంటిదని అడుగుతాడు, మొక్కను చల్లటి షెడ్డులో తడి చేసి ఉంచుతాడు, మీకు కావలసిన రోజున తీసి ఇస్తాడు. మధ్య వరుసలో ఇవేవీ లేవు. చీటీని తిప్పి చూస్తే మొక్కల పాస్‌పోర్టు అని చిన్న పెట్టె ఉంటుంది. అందులో డి అనే అక్షరం పక్కన ఎన్‌ఎల్ అని ఉంటే అది నెదర్లాండ్స్‌లో పెరిగిన మొక్క. వయసు ఏడాదో రెండేళ్లో. చలికాలం నిద్రలో ఉండగా పెకలించి, వేళ్లకు కాస్త తడి పొట్టు చుట్టి లారీ ఎక్కిస్తారు. మొక్కలో మోసమేమీ లేదు. నర్సరీ చేసే చాకిరీ వదిలేశారు, ఆ మేరకు ధర తగ్గింది.

అయితే చాకిరీతో పాటు ఒక సమాచారం కూడా వదిలేస్తారు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడుంది.

మనవాళ్లకు అంటు మొక్క కొత్త కాదు. కడియం నర్సరీకి వెళ్లి బంగినపల్లి అంటు అడుగుతాం. నాటు మామిడి టెంక నుంచి మొలిచిన మొక్క మీద బంగినపల్లి కొమ్మ కట్టి ఇస్తారు. అడుగున ఉన్నది ఏ మామిడి అని మనం ఎప్పుడూ అడగం. అడగాల్సిన అవసరమూ పెద్దగా రాలేదు. ఆ అలవాటుతోనే ఇక్కడా పై పేరు చూసి సంచిలో వేసుకుంటాం. ఆపిల్ దగ్గర మాత్రం ఆ లెక్క చెల్లదు. ఆపిల్ చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎన్నాళ్లకు కాస్తుందో, గాలికి నిలుస్తుందో లేదో చాలావరకు తేల్చేది అడుగున ఉన్న వేరు మొక్క. తోటమాలులు దాన్ని రూట్‌స్టాక్ అంటారు. ఒకే కొమ్మను రెండు రకాల రూట్‌స్టాకుల మీద కడితే ఒకటి మనిషి ఎత్తులో ఆగిపోతుంది, ఇంకొకటి ఇంటి చూరు దాటుతుంది.

ఈ విద్యకు పుట్టినిల్లనదగ్గ చోటు మనకు దగ్గర్లోనే ఉంది. కెంట్ జిల్లాలో ఈస్ట్ మాలింగ్ అనే ఊళ్లో 1913లో పళ్లతోటల పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పటికి యూరపంతటా పొట్టి ఆపిల్ చెట్ల కోసం రకరకాల వేరు మొక్కలు వాడుతున్నారు, కానీ పేర్లన్నీ కలగాపులగం. ఒకే పేరుతో నాలుగు రకాలు, ఒకే రకానికి నాలుగు పేర్లు. రొనాల్డ్ హాటన్ అనే శాస్త్రవేత్త వాటన్నిటినీ తెప్పించి, పక్కపక్కన నాటించి, గుణాలు చూసి వేరు చేసి అంకెలు ఇచ్చాడు. మాలింగ్ పేరు మీద ఎం9, ఎం26, ఎం27 అని ఇప్పుడు మనం వినేవి ఆ వరుసలోవే. తర్వాత లండన్ దగ్గరి మెర్టన్‌లో ఉన్న జాన్ ఇన్నెస్ సంస్థతో కలిసి, వేళ్లను పీల్చే ఊలు పేనుబంకను తట్టుకునే రకాలు తయారు చేశారు. ఎంఎం106 అక్కడిది. కశ్మీరులో ఈమధ్య దగ్గర దగ్గరగా నాటుతున్న ఆపిల్ తోటల్లో అడుగున ఉండేది కూడా ఎక్కువగా ఈ ఎం9 తెగే.

ఎం27 మీద కట్టిన చెట్టు రెండు మీటర్లు దాటదు. ఎం9 మీదిది రెండు రెండున్నర, బాగా సాగితే మూడు మీటర్లు. ఎంఎం106 మీదిది నాలుగైదు మీటర్లు. ఎం25 మీద పెరిగేది పాతకాలపు తోట చెట్టు, నిచ్చెన లేనిదే కాయ అందదు. పొట్టివి రెండు మూడేళ్లకే కాస్తాయి, కానీ వేళ్లు బలహీనం. జీవితాంతం ఊతకర్ర ఉండాలి, చుట్టూ గడ్డి పెరగనివ్వకూడదు. మన సెమీ డిటాచ్‌డ్ ఇళ్ల వెనకుండే పెరడు ఎంతనీ! అందులో ఒక మూల షెడ్డు, ఇంకో మూల పిల్లల ట్రాంపొలిన్, గోంగూరకీ చిక్కుడుకీ ఒక మడి. మిగిలిన జాగాలో పెట్టే చెట్టు రెండున్నర మీటర్లదా, ఐదు మీటర్లదా అన్నది చిన్న విషయం కాదు. సూపర్ మార్కెట్ చీటీ మీద చాలాసార్లు ఆ ఒక్క ముక్కే ఉండదు. ఎత్తు అని ఏదో అంకె వేస్తారు, దాన్ని నేను పెద్దగా నమ్మను. చీటీలో రూట్‌స్టాక్ పేరు లేకపోతే అది ఎంఎం106 అనుకునే జాగా వదలండి. గోడకీ కంచెకీ మరీ దగ్గరగా పెట్టకండి. పొట్టిదైతే మీ అదృష్టం.

ఇక దుకాణంలో చూడాల్సినవి. మొక్క నిద్రలో ఉండాలి. దుకాణం లోపలేమో ఇరవై డిగ్రీల వెచ్చదనం. రెండు వారాలు ఆ వేడిలో నిలబడితే వసంతం వచ్చిందనుకుని మొగ్గలు విచ్చుకుంటాయి. వెలుతురు చాలక పాలిపోయిన, సన్నటి చిగుళ్లు వేస్తాయి. అలాంటి మొక్కను తెచ్చి ఫిబ్రవరి మంచులో నాటితే ఆ చిగురు ఒక్క రాత్రిలో నల్లబడుతుంది. అందుకని సరుకు దిగిన రోజునే వెళ్లండి. మధ్య వరుసలోకి కొత్త సరుకు సాధారణంగా గురువారం, ఆదివారం వస్తుంది. కరపత్రంలో వారం ముందే వేస్తారు. సగం ధరకు పెట్టారు కదా అని నెల తర్వాత వెళ్తే అక్కడ మిగిలేది ఎండుపుల్లలు.

చేతిలోకి తీసుకోండి. ముందు సంచి బరువు చూడండి. మరీ తేలిగ్గా ఉంటే లోపల పొట్టు ఎండిపోయిందన్న మాట, పొట్టు ఎండితే వేళ్లూ ఎండినట్టే. బెరడు ముడతలు పడకూడదు. ఎవరూ చూడకుండా కాండం మీద గోరుతో చిన్నగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే దాన్ని అక్కడే ఉంచేయండి. తర్వాత అడుగున, సంచికి కాస్త పైన, కాండం వంకర తిరిగి బుడిపెలా ఉన్న చోటు వెతకండి. అంటు కట్టింది అక్కడే. అది గట్టిగా అతుక్కుని ఉండాలి, చీలిక ఉండకూడదు. పైన మూడు నాలుగు కొమ్మలు గిన్నె ఆకారంలో చుట్టూ తిరిగి ఉంటే ఇంకా మంచిది. ఒకే పక్కకు రెండు కొమ్మలున్న దాన్ని సరిదిద్దడానికి ఏళ్లు పడుతుంది. పెట్టెలో ఇరవై మొక్కలుంటే ఇరవైకీ ధర ఒక్కటే. కూరగాయల దగ్గర బెండకాయ చివర విరిచి చూసే జాతి మనది, మొక్క దగ్గర మొహమాటం దేనికి?

రకం ఎంచుకోవడంలో బొమ్మకు లొంగకండి. గోల్డెన్ డెలీషస్, బ్రేబర్న్ లాంటివి ఎక్కువ ఎండ, ఎక్కువ రోజులు కోరుకుంటాయి. కెంట్‌లోనో ఎసెక్స్‌లోనో పండుతాయేమో గానీ, గ్లాస్గోలో, న్యూకాజిల్‌లో ఉండేవాళ్లు వాటి జోలికి పోకపోవడం మేలు. కాక్స్ రుచికి రాణి, కానీ తడి ఎక్కువున్న పడమటి ప్రాంతాల్లో కాండం కుళ్లు తెగులుకు దొరికిపోతుంది. ఉత్తరాదిలో ఉంటే డిస్కవరీ, జేమ్స్ గ్రీవ్ లాంటి పేర్లు కనిపిస్తే పట్టుకోండి.

ఆపిల్ తన పుప్పొడితో తాను దాదాపు కాయదు. దగ్గర్లో అదే సమయానికి పూసే వేరే రకం ఆపిల్ ఉండాలి, తేనెటీగ రాకపోకలు సాగాలి. ఊళ్లో ఉంటే బెంగ లేదు. పక్కింట్లోనో వెనక వీధిలోనో ఒక ఆపిల్ చెట్టో, పూలకోసం పెట్టిన క్రాబ్ ఆపిలో ఉండనే ఉంటుంది. పొలాల మధ్య ఒంటరి ఇల్లయితే రెండు రకాలు కొనాలి. ఒకే కాండానికి రెండు రకాలు అంటు కట్టిన మొక్కలు కూడా ఈ దుకాణాల్లో వస్తుంటాయి. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, రెండింట్లో బలమైనది రెండోదాన్ని తొక్కేస్తుంది. ఏటా కత్తెర పట్టుకుని పంచాయతీ చేసే ఓపిక ఉంటేనే తీసుకోండి.

బ్రామ్లీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే చిన్నపిల్ల ఒక గింజ పాతింది. ఆ గింజ నుంచి వచ్చినదే ఈ రకం. పేరు మాత్రం తర్వాత ఆ ఇల్లు కొన్న బ్రామ్లీ అనే మాంసం వ్యాపారిది అయి కూర్చుంది. ఈనాడు దేశమంతా ఉన్న బ్రామ్లీ చెట్లన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మల నుంచి అంటు ద్వారా వచ్చినవే. ఆపిల్ గింజ పాతితే తల్లి లాంటి చెట్టు రాదు కాబట్టి వేరే దారి లేదు. ఇది వంట ఆపిల్. పచ్చిగా కొరికితే పళ్లు పులుస్తాయి, అందుకే మనవాళ్లు చాలామంది ఒకసారి కొరికి పక్కన పెట్టేస్తారు. కానీ ఉడికితే వెన్నలా కరిగిపోతుంది, పులుపు మాత్రం పోదు. కందిపప్పులో పచ్చి మామిడికి బదులు వేసి, ఎండుమిర్చి, ఇంగువ తిరగమోత పెట్టి చూడండి. మామిడికాయ పప్పు అని నేననను, కానీ రెండోసారి వడ్డించుకుంటారు. తురిమి, ఆవపిండి, కారం కలిపి అప్పటికప్పుడు తినే పచ్చడి కూడా చేసుకోవచ్చు. ఒకటే షరతు. దాని పుప్పొడి వేరే చెట్లకు పనికిరాదు, దానికి మాత్రం వేరే చెట్టు పుప్పొడి కావాలి. చెట్టు కూడా భారీగా పెరిగే రకం. చిన్న పెరట్లో రూట్‌స్టాక్ తెలియని బ్రామ్లీ పెట్టకండి.

పియర్లలో కాన్ఫరెన్స్ అనేది 1885లో చిజిక్‌లో జరిగిన పియర్ల సదస్సులో మెప్పు పొంది ఆ పేరు తెచ్చుకుంది. ఒంటరిగా ఉన్నా కొన్ని కాయలు కాస్తుంది, పక్కన విలియమ్స్ పియర్ ఉంటే ఇంకా బాగా కాస్తుంది. ప్లమ్‌లో విక్టోరియా తన పుప్పొడితో తానే కాస్తుంది, తోడు అక్కర్లేదు. చెర్రీలో స్టెల్లా కూడా అంతే. అయితే చెర్రీ కాయలు మీకు దక్కాలంటే వల కప్పాలి, లేకపోతే పక్షులకు పెట్టుకున్న తోట అవుతుంది.

ఇంటికి తెచ్చాక చాలామంది మొక్కను వంటింట్లో ఓ మూల వారం రోజులు ఉంచుతారు, శనివారం నాటుదామని. అక్కడే సగం మొక్కలు పోతాయి. వెంటనే నాటే వీలు లేకపోతే చల్లటి గ్యారేజీలో పెట్టండి, లేదా పెరట్లో ఒక పక్క మట్టి తీసి వేళ్లు తాత్కాలికంగా కప్పండి. నాటే రోజు వేళ్లను ఒకటి రెండు గంటలు బకెట్ నీళ్లలో నాననివ్వండి. విరిగిన వేళ్లు శుభ్రంగా కత్తిరించండి. గుంత లోతుకన్నా వెడల్పు ముఖ్యం. వేళ్లు మెలిక పడకుండా పరుచుకునేంత ఉండాలి. మన అలవాటు కొద్దీ గుంతలో పేడ ఎరువు, ఎముకల పొడి దండిగా వేయాలనిపిస్తుంది. వద్దు. తవ్విన మట్టినే తిరిగి వేయండి. గుంతలో మెత్తటి కంపోస్టు, చుట్టూ బంకమన్ను ఉంటే వాన నీళ్లన్నీ ఆ గుంతలోకే దిగి నిలుస్తాయి, వేళ్లు బయటకు పాకవు. ఎరువు ఏదైనా పైన పరవండి, కాండానికి తగలకుండా.

అంటు బుడిపె మట్టికి ఒక జానెడు పైనే ఉండాలి. కడియంలో అడిగినా ఇదే చెబుతారు, ఇక్కడ కారణం ఇంకొకటి కూడా ఉంది. బుడిపె మట్టిలో కూరుకుపోతే పైకొమ్మ సొంతంగా వేళ్లు వేస్తుంది. అప్పుడు అడుగున ఉన్న పొట్టి రూట్‌స్టాక్ పని పోయి, చెట్టు ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది. పాత మట్టి గుర్తు కాండం మీద ఉంటుంది, ఆ గీత వరకే పూడ్చి కాలితో మెల్లగా తొక్కండి. ఊతకర్ర కట్టండి. మొదటి రెండు వేసవుల్లో వానలు పడకపోతే వారానికి ఒకటి రెండు బకెట్లు నీళ్లు పోయండి. ఇంగ్లండులో వానలకేం తక్కువ అని వదిలేస్తే జూన్‌లో చెట్టు వాడుతుంది. చుట్టూ మీటరు మేర గడ్డి తీసేయండి. మొదటి ఏడాది పిందె పడితే, కష్టమే అయినా, తుంచేయండి. ముందు వేళ్లు కుదురుకోనివ్వాలి.

కత్తిరింపు దగ్గర ఒక తేడా గుర్తుంచుకోండి. ఆపిల్, పియర్‌లను చలికాలంలో, ఆకు రాలాక కత్తిరిస్తారు. ప్లమ్, చెర్రీలను మాత్రం వేసవిలోనే. చలిలో, తడిలో కోస్తే గాయం గుండా వెండి ఆకు తెగులు చొరబడుతుంది.

చీటీలు మారిపోవడం కూడా ఉంది, దాచడమెందుకు. నాకు తెలిసినవాళ్లింట్లో విక్టోరియా అని కొన్న చెట్టు నాలుగో ఏట పచ్చటి గ్రీన్‌గేజ్ కాసింది. అదృష్టవశాత్తు అది విక్టోరియాకన్నా తియ్యటిది, వాళ్లు ఫిర్యాదు చేయలేదు. కానీ నాలుగేళ్లకు తెలిసే తప్పుకు రసీదు పట్టుకుని ఎక్కడికి వెళ్తాం? ఫలానా రకమే కావాలనుకునేవాళ్లు నర్సరీకి డబ్బు పెట్టడమే మంచిది. అక్కడ మీరు కొనేది ఆ పేరుకు వాళ్లిచ్చే పూచీ.

అద్దె ఇంట్లో ఉండి, ఎప్పుడు ఏ ఊరికి మారాలో తెలియని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వాళ్లకు నేను చెప్పేది, నేలలో నాటకండి. యజమాని అనుమతి ఒక గొడవ, వదిలేసి వెళ్లడం ఇంకో బాధ. నలభై ఐదు, యాభై సెంటీమీటర్ల వెడల్పున్న తొట్టి తీసుకుని, మట్టి కలిపిన కంపోస్టులో పెట్టండి. ఇక్కడ మాత్రం మధ్య వరుస వద్దు. నర్సరీలో అడిగి ఎం9 లేదా ఎం26 మీద కట్టిన మొక్క తీసుకోండి. తొట్టిలో ఐదు మీటర్ల చెట్టును పెట్టి కుదించలేం.

మొత్తానికి నా లెక్క ఇది. విక్టోరియా ప్లమ్, కాన్ఫరెన్స్ పియర్ ఈ చవక దుకాణాల్లో నిశ్చింతగా కొనండి. వాటి అడుగున ఏ రూట్‌స్టాక్ ఉన్నా కాస్త జాగా ఉన్న పెరట్లో ఇముడుతాయి, తోడు కోసం వెతకక్కర్లేదు. చెర్రీ కొనేముందు ఒకటికి రెండుసార్లు జాగా కొలుచుకోండి, కోల్ట్ అనే రూట్‌స్టాక్ మీదిదైతే ఆరు మీటర్లకు పోతుంది. ఆపిల్ అయితే పెద్ద పెరడు ఉన్నవాళ్లు మధ్య వరుసలో కొనండి, చిన్న పెరడు, తొట్టి ఉన్నవాళ్లు నర్సరీలో కొనండి.

మార్చి నెలాఖరు దాటితే మట్టి లేని వేళ్లతో నాటే కాలం అయిపోతుంది. నేల గడ్డకట్టని, నీళ్లు నిలవని రోజు చూసి ముందు గుంత తవ్వుకోండి. దుకాణానికి ఆ తర్వాత వెళ్లండి.